రుచి చూసిన శుక్రవారం

ఫాదర్ బాలశౌరిగారికి వాదించే అలవాటు లేదు. ఎవరైనా వాదన పెట్టుకుని వస్తే సాంతం వినేవారు, కళ్ళద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకునేవారు, ఆ తరవాత వాళ్ళకేదో ఒక పని అప్పజెప్పేవారు. గట్టు తగాదాతో తన దగ్గరికి వచ్చిన అన్నదమ్ములిద్దరికి ఒకసారి ఒకే నిచ్చెన ఇచ్చి, గంటగోపురం మీది పావురాల గూళ్ళు తీయించారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. తగాదా ఎట్లా తీరిందో ఎవరూ చెప్పరు. నిచ్చెన ఎవరు పట్టుకున్నారో, పైకి ఎవరు ఎక్కారో మాత్రం చెబుతారు.

ఆ ఏడు మిరప కోతలు మొదలయ్యే వేళకు ఆయన దగ్గరికి గురుమఠం నుంచి క్లెమెంటు అనే విద్యార్థి వచ్చాడు. గురువు కాబోయేవాడు కొన్నాళ్ళు ఏదో ఒక విచారణలో, అంటే ఒక ఫాదరుగారి పాలనలోని ఊళ్ళలో ఉండి, జనం మధ్య మెలగడం నేర్చుకోవాలని వాళ్ళ నియమం. ఊళ్ళోవాళ్ళకు అతను బ్రదరుగారు. బాగా చదువుకున్నవాడు, చదివిందంతా గుండెకు పట్టించుకున్నవాడు. పల్నాటి అంచున ఉన్న ఆ ఊళ్ళో అడుగు పెట్టిన మొదటి వారంలోనే అతను మిరప కళ్ళాలు చూశాడు. ముక్కుకు కొంగు చుట్టుకుని, ఘాటుకు దగ్గుతూ, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళను చూశాడు. అతని కోపం అబద్ధం కాదు. ఆ కళ్ళంలో కాసేపు నిలబడి కోపం తెచ్చుకోనివాడు చేతిలో బైబిలు పట్టుకున్నా ఒకటే, పట్టుకోకపోయినా ఒకటే. కాకపోతే ఆ కోపానికి సొంత మాటలు ఇంకా పుట్టలేదు. అందుకని పుస్తకాల్లోంచి అరువు తెచ్చుకునేవాడు. "ఆకలి దేవుడు పెట్టింది కాదు, మనిషి పెట్టింది" అనేవాడు. "మోకరిల్లిన జనం లేచి నిలబడేదాకా ఉత్థానం లేదు" అనేవాడు. జ్ఞానోపదేశానికి వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఫాదరుగారు కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలం నడుమ ఒక ఆదివారం పూజ అయ్యాక ఆయన బంగళా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. క్లెమెంటు పక్కన నిలబడి ఉన్నాడు. ఇన్నాసమ్మ వచ్చింది. కళ్ళాల్లో పనిచేసే మనిషే. భర్త లారీ మీద పోతే వారానికి గాని ఇంటికి రాడు. ఇంట్లో అత్తగారు ఆరోగ్యమ్మ, నాలుగో తరగతి చదివే కూతురు జసింత. విభూది బుధవారం నాడు నొసట బూడిద పెట్టించుకున్న దగ్గర్నుంచి, ప్రతి ఆదివారం వచ్చి తన గెలుపులు ఫాదరుగారికి అప్పజెప్పడం ఆమెకు అలవాటైంది. ఎవరూ చెప్పమనలేదు. చెప్పకపోతే ఆమెకు తోచదు.

"ఈ వారం బాగానే గెలిచానండీ ఫాదరుగారూ. కుళాయి దగ్గర ఆ చివరింటామె నా బిందె పక్కకు నెట్టి తనది పెట్టుకుంది. నెట్టుకోనిచ్చా. నాలిక మీదికొచ్చింది గానీ మింగేశా."

"కష్టమే," అన్నారు ఫాదరుగారు.

"కష్టమా! కాకరకాయ మింగినట్టుంది. మా ఆయన శుక్రవారం దిగాడు. దిగీదిగగానే కోడి కొయ్యమన్నాడు. పప్పుచారు పోసి, ఆ మాటా ఈ మాటా చెప్పి, కోడి సంగతి మర్చిపోయేదాకా మాట్లాడుతూనే ఉన్నా. కోడి బతికింది, ఆయన ఒక్కపొద్దు కూడా బతికింది. ఇంకోటి, మా జసింత లెక్కల్లో సున్నా తెచ్చుకుంది. చెయ్యి లేపానండీ. లేపి, ఆ చేత్తోనే దండెం మీది తువ్వాలు తీసుకున్నా."

ఫాదరుగారు కాఫీ ఒలికేటట్టు నవ్వారు. "మరి ఓడినవి?"

"అవి పాపసంకీర్తనంలో చెప్పుకుంటా గానీ, ఇట్టా అరుగు మీద చెప్పిస్తారా?" అంది ఇన్నాసమ్మ. తరవాత గొంతు తగ్గించి, ఎవరికీ తెలియని సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "శుక్రవారాలు మాత్రం ఒక్కటి కూడా పోలేదండీ ఇప్పటిదాకా. సాయంత్రం గంజి దాకా చుక్క ముట్టలేదు. పెళ్ళైన కాణ్ణించి ఏ ఏడూ నావల్ల కాలేదు. ఒక ఏడు కడుపుతో ఉంటిని, ఒక ఏడు చంటిది పాలు తాగుతుంటే ఉండనియ్యలా, ఆ తరవాత కళ్ళంలో కళ్ళు తిరిగి పడ్డా. ఈ ఏడు అన్నీ నిలబెడతా. మా పిల్ల కూడా చూస్తోంది గదా. వచ్చే శుక్రవారం అదీ ఉంటానంటోంది, పొద్దున పాలు తాగి గంజి దాకా."

ఆమె వెళ్ళగానే మెట్ల దగ్గర నిలబడి ఉన్న ఫిలోమినమ్మ పైకి వచ్చింది. వాడ తల్లుల సంఘానికి పెద్ద ఆవిడే. శుక్రవారాల్లో సిలువ మార్గం అయ్యాక అందరూ ఒక్కపొద్దు విడిచే గంజి ఆవిడ పెత్తనం మీద నడుస్తుంది. ఆ గంజి కాచేది ఇన్నాసమ్మ అత్తగారు ఆరోగ్యమ్మ. భర్త చనిపోయిన ఏడు ఎవరో గరిటె చేతికిస్తే పట్టుకుంది, మళ్ళీ దించలేదు. మిగతా రోజుల్లో ముసలామె గోడ వారన మంచానికి అతుక్కుపోయి ఉంటుంది. పిలిచినా ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. శుక్రవారం మాత్రం కోడలు లేవక ముందే లేచి, చీర బిగించి కట్టుకుని, "నూకలు కడిగారా?" అని అడుగుతుంది.

"మొన్నటి గంజి నోట్లో పెట్టుకోలేకపోయామండీ ఫాదరుగారూ," అంది ఫిలోమినమ్మ. "ఉప్పు కషాయం. పిల్లకాయలు ఊసేశారు. ఆరోగ్యమ్మ పిన్నమ్మకు చెయ్యి తప్పింది. పెద్దదని ఓర్చుకున్నాం. ఇంకొక్కసారి అట్టాగైతే గరిటె యువత పిల్లోళ్ళకు ఇచ్చేస్తాం, మీరేం అనుకోవద్దు."

ఆవిడ కూడా వెళ్ళిపోయాక క్లెమెంటు ఇక ఆగలేకపోయాడు.

"ఫాదర్, నాకొక్కటి చెప్పండి. రోజంతా విషం పీల్చి పనిచేసే మనిషి. కూలి పెంచమని అడగదు, ముక్కుకు కట్టుకోను గుడ్డ ఇమ్మని అడగదు. కోడి కొయ్యలేదని, బిందె నెట్టనిచ్చానని వచ్చి గెలుపులు చెప్పుకుంటోంది. మీరు నవ్వుతూ వింటున్నారు. ఇంకొకావిడకు ఉప్పే పెద్ద సమస్య. ఇంత చిన్న చిన్న గెలుపులు పోగేసుకుంటే ఈ లోకంలో ఏది మారుతుంది? ఓర్పు పేరుతో మనం వీళ్ళకు లొంగుబాటు నేర్పడం లేదా?"

ప్రశ్న చిన్నది కాదు. ఫాదరుగారికీ ఆ సంగతి తెలుసు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడిచారు. "వచ్చే శుక్రవారం నువ్వు సిలువ మార్గంలో చదవద్దు," అన్నారు. "నేను చదువుకుంటా. నువ్వు గంజి దగ్గర ఉండి కట్టెలు అందించు."

శుక్రవారం ఎండ వాలే వేళకు చర్చి వెనక ఆవరణలో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేక్సా ఎక్కింది. క్లెమెంటు అంగీ చేతులు పైకి మడిచి, పొగకు కళ్ళు తుడుచుకుంటూ కట్టెలు ఎగదోస్తున్నాడు. అతనూ పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఉపవాసం మీద అతనికి నమ్మకం ఉంది, తన పద్ధతిలో. ఆకలిగొన్నవాళ్ళ పక్షాన నిలబడదలచినవాడికి ఆకలి తెలియాలని అతని పట్టుదల. ఆ పట్టుదలలో మాత్రం ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు.

పొయ్యి ముందు ఆరోగ్యమ్మ నిలబడి గరిటె తిప్పుతోంది. మంచం మీది ముసలామేనా ఈమె అనిపించింది అతనికి. నడుం నిటారుగా ఉంది. నూక ఉడికి మెత్తబడ్డాక ఆమె గరిటె ఇన్నాసమ్మకిచ్చి, చేతులు కడుక్కుని, ఉప్పు కుండ మూత తీసింది. గంజి కాచేవాళ్ళు ఒక్కపొద్దులో ఉంటారు గనక రుచి చూసే ఆచారం అక్కడ లేదు. నాలిక మీద చుక్క పడినా ఆ రోజు ఒక్కపొద్దు పోయినట్టే వాళ్ళ లెక్క. అందుకని ఉప్పు చేతి కొలతే. ఆరోగ్యమ్మ డేక్సా మీద సిలువ గురుతు వేసి, "పిత" అని ఒక గుప్పెడు, "పుత్ర" అని ఒక గుప్పెడు, "పవిత్రాత్మ నామమున" అని ఒక గుప్పెడు వేసింది. ఆ చేతి కొలత తప్పదని ఆ వాడలో పెద్ద పేరు. పచ్చిమిరపకాయలు తెమ్మని కోడల్ని లోపలికి పంపింది.

"బాగా మండుతున్నాయి కట్టెలు," అంది క్లెమెంటుతో. "మా ఇంటాయన కూడా ఇట్టాగే ఎగదోసేవాడు, పొయ్యంటే బండి తోలటం అనుకునేవాడు. నీకు పెళ్ళయ్యిందా నాయనా?"

"నేను బ్రదర్నమ్మా. మాకు పెళ్ళి ఉండదు."

"అయ్యో, అవునుగదూ," అంది ముసలామె జాలిగా. కాసేపు డేక్సాలోకి చూస్తూ నిలబడింది. ఆవిరిలో ఆమె ముఖం ఎటో వెళ్ళిపోయి వచ్చినట్టైంది. మళ్ళీ చేతులు కడుక్కుంది. మళ్ళీ ఉప్పు కుండ మూత తీసింది. సిలువ గురుతు వేసి, అంతే భక్తితో, అంతే నిదానంగా, పితకు ఒకటి, పుత్రునికి ఒకటి, పవిత్రాత్మకు ఒకటి వేసింది. క్లెమెంటు చూస్తూనే ఉన్నాడు. ఆచారం అంతేనేమో అనుకున్నాడు. మిరపకాయల పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయిన ఇన్నాసమ్మ ముఖం చూసేదాకా అతనికి జరిగింది అర్థం కాలేదు.

ఆమె పళ్ళెం దించి, అత్త చేతిలో జపమాల పెట్టింది. "లోపల మొదలెట్టబోతున్నారత్తా. పోయి ముందు కూచో, మళ్ళీ వెనకబడితే నీ మోకాళ్ళకు గోడ దొరకదు."

"గంజి?"

"ఇంకేముంది, అయిపోయిందిగా. నేను కలబెడుతుంటాలే."

ముసలామె లోపలికి వెళ్ళేదాకా ఆగి, ఇన్నాసమ్మ పరుగున పోయి గోడ వారన మూతపెట్టి ఉన్న గిన్నె తెచ్చింది. చంటిపిల్లల కోసమూ, ఉప్పు తినకూడని ముసలివాళ్ళ కోసమూ విడిగా కాచిన చప్పిడి గంజి అది. ఇంకో పొయ్యి రాజేసి, అందులో ఇంకా నూకలు, నీళ్ళు పోసి ఎక్కించింది. డేక్సాలోంచి కడివెడు తోడి పక్కన పెట్టింది.

"ఆవిడకు చెప్పొచ్చు కదా!" అన్నాడు క్లెమెంటు. "ఇందులో దాచాల్సింది ఏముంది? నిజం చెప్పడానికి భయపడితే..."

"చెప్తే ఒప్పుకుంటది బ్రదరుగారూ, నాకదే భయం," అంది ఇన్నాసమ్మ చెయ్యి ఆపకుండా. "పోట్లాడే మనిషైతే చెప్పేదాన్ని. ఇట్టా అయ్యిందత్తా అంటే, అట్టనా అని గరిటె తనే కింద పెడుతుంది. ఇంటికి పోయి ఆ మంచం మీద పడుకుంటది. మళ్ళీ లెయ్యదు. ఆ కట్టె ఇటు తొయ్యండి."

లోపల సిలువ మార్గం మొదలైంది. ఫాదరుగారి గొంతు, వెనక జనం పాట, మోకాళ్ళు దించిన చప్పుడు, లేచిన చప్పుడు. బయట ఇన్నాసమ్మ చప్పిడి గంజి పోస్తోంది, కలబెడుతోంది. చూపుకు గంజి గంజిలాగే ఉంది. ఎంత పోస్తే సరిపోతుందో కళ్ళకు ఎట్లా తెలుస్తుంది? ఎక్కువ పోస్తే చప్పబడుతుంది, ఫిలోమినమ్మ దానికీ ఒక మాట అంటుంది. లోపలి నుంచి ఎవరినైనా పిలిచి రుచి చూడమంటే, ఎందుకు చూడమంటున్నావని అడుగుతారు. అడిగినట్టైతే అనుమానం బయటపడ్డట్టే.

ఆమె తల ఎత్తి క్లెమెంటు వైపు చూసింది. ఊరికే చూసిందో, అడగబోయిందో.

"నేను ఒక్కపొద్దులో ఉన్నానమ్మా," అన్నాడు క్లెమెంటు.

"నేనేమీ అడగలేదుగా," అంది ఇన్నాసమ్మ, చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. క్లెమెంటు పొయ్యిలోకి చూస్తూ, అప్పటికే బాగా మండుతున్న కట్టెను ఇంకా లోపలికి తోశాడు.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. సిలువ గురుతు వేసుకుంది. గరిటె అంచు నుంచి అరచేతిలోకి చుక్క వంచుకుని నాలికకు తగిలించింది. ముఖం చిట్లించింది. ఇంకా పోసింది, కలబెట్టింది, మళ్ళీ అరచేతిలో వేసుకుంది. ఈసారి ముఖం విప్పారింది. సరిగ్గా అప్పుడే పక్క తలుపు దగ్గర్నుంచి కేక వినపడింది.

"అమ్మా! నువ్వు తిన్నావ్!"

జసింత. గంజి వాసనకు లోపల ఉండలేక బయటికి వచ్చినట్టుంది. పొద్దుటి పాలు తప్ప ఏమీ ముట్టని పిల్ల ముఖం పీక్కుపోయి, కళ్ళు ఇంతింతలు చేసుకుని తల్లి అరచెయ్యి వైపే చూస్తోంది.

"ఏయ్, మెల్లగా," అంది ఇన్నాసమ్మ.

"తిన్నావ్! నేను చూశా! నాలికతో నాకావ్! ఒక్క చుక్క కూడా ముట్టకూడదని నువ్వే గదమ్మా చెప్పావు? నేను బళ్ళో అన్నం గిన్నె మూత కూడా తియ్యలా. పక్కమ్మాయి గుడ్డు ఇస్తానన్నా తీసుకోలా. నువ్వేమో ఇక్కడ, ఎవరూ లేకుండా చూసి..."

పిల్ల ఏడుపు ఎత్తుకుంది. లోపల సిలువ మార్గంలో చివరి స్థలం ప్రార్థన ముగిసినట్టుంది, జనం చెమటలు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. ముందు ఫిలోమినమ్మ వచ్చింది. ఆమె వెనక, గోడ పట్టుకుని ఆరోగ్యమ్మ.

"ఏందే ఇన్నాసీ?" అంది ఫిలోమినమ్మ. "మొన్నటిదాకా ఒక్క శుక్రవారం కూడా పోలేదని ఊరంతా చెప్పుకుంటివి. మేమంతా లోపల మోకాళ్ళ మీద ఉంటే నువ్వు గరిటె నాకుతున్నావా? కన్నకూతురు పట్టించింది గాబట్టి సరిపోయింది."

ఎవరో నవ్వారు. ఆరోగ్యమ్మ నవ్వలేదు. కోడలి దగ్గరగా వచ్చి నిలబడింది. ఆమె గడ్డం వణుకుతోంది.

"నా ఉప్పు మీద అనుమానం వచ్చిందా నీకు?" అంది. "అందుకని చూశావా? చెప్పు."

ఒక్క మాటతో ఇన్నాసమ్మ పేరు నిలబడుతుంది. కూతురు పరిగెత్తుకొచ్చి నడుం వాటేసుకుంటుంది. ఫిలోమినమ్మ నోరు మూతపడుతుంది. ఆ మాట నిజం కూడా. క్లెమెంటు ఏ అన్యాయం చూసినా లేచి నిలబడాలని నేర్చుకున్నవాడు, నేర్పినవాడు. లేచి నిలబడ్డాడు.

"మీరెవరూ ఆమెను ఏమీ అనొద్దు," అన్నాడు. "అసలు జరిగింది..."

"బ్రదరుగారూ," అంది ఇన్నాసమ్మ, అతని వైపు చూడకుండానే. "ఆ కట్టె లాగండి. అడుగంటుద్ది."

ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. అందులో బతిమాలడం లేదు, గదమడం లేదు. క్లెమెంటు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, ముసలామె వణికే గడ్డాన్ని చూశాడు. తరవాత వంగి కట్టె లాగాడు. వేదిక దొరికితే వదలని మనిషి, అతని బతుకులో మొదటిసారి మాట గొంతులో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. అది నిప్పుకంటే ఎక్కువ కాల్చింది.

"అనుమానం ఏందత్తా," అంది ఇన్నాసమ్మ. "ఆకలేసింది."

"ఆకలేసిందా!"

"పొద్దుటి నుంచి కళ్ళంలో ఉంటిని గదా. వాసనకు ఆగలేకపోయా. నాదే తప్పు."

ఆరోగ్యమ్మ గడ్డం వణకడం ఆగింది. "ఇంతదానికి ఒక్కపొద్దెందుకే నీకు?" అంది కటువుగా. ఆ కటువుదనంలో ఎంత ఊరట ఉందో వినగలిగినవాళ్ళు ఇద్దరే ఉన్నారు అక్కడ. "జరుగు. గరిటె ఇటియ్యి."

గంజి పోశారు. పచ్చిమిరపకాయలు పంచారు. ఆవరణంతా జుర్రే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఫిలోమినమ్మ గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాచింది. "పిన్నమ్మా, నీ చెయ్యి మళ్ళీ తిరిగొచ్చిందే!"

"నా చెయ్యి ఎక్కడికి పోయిందే, తిరిగి రాను?" అంది ఆరోగ్యమ్మ.

క్లెమెంటు కూడా ఒక గిన్నె తీసుకున్నాడు. మొదటి గుక్క తాగి చాలాసేపు గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. కొంచెం దూరంలో జసింత నాయనమ్మ పక్కన కూర్చుని, తల్లికి వీపు పెట్టి తాగుతోంది. ఇన్నాసమ్మ గిన్నెలో వేడి గంజి చల్లార్చుకుంటూ వచ్చి వంగింది. "నువ్వు చివరిదాకా ఉన్నావే. బంగారు తల్లివి."

"నేను నీలాగా కాదు," అంది పిల్ల, తిరగకుండా.

"కాదు," అంది ఇన్నాసమ్మ.

ఇంటికి పోయేటప్పుడు పిల్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. నెత్తిన డేక్సా పెట్టుకుని, చేత ఉప్పు కుండ పట్టుకుని తల్లి వెనక నడిచింది. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా క్లెమెంటు చూస్తూ నిలబడ్డాడు. ఆ తరవాత బంగళాకు పోయి, ఫాదరుగారికి జరిగిందంతా చెప్పాడు. తన మాట, ‘ఒక్కపొద్దులో ఉన్నానమ్మా’ అన్నది కూడా దాచలేదు. అతని నిజాయితీ అటువంటిది. ఫాదరుగారు సాంతం విన్నారు, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఆదివారం పూజ అయ్యాక ఇన్నాసమ్మ ఎప్పటిలాగే అరుగు దగ్గరికి వచ్చింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, మెట్టు మీద కూర్చుంది.

"ఈ వారం ఒకటే ఉందండీ ఫాదరుగారూ. మా జసింత ఒక్కపొద్దు నిలబెట్టింది. ఏడుస్తూ కూడా నిలబెట్టింది."

"మరి నీది?"

"నాది పోయిందండీ." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూసుకుంది. "ఈ ఏడు అన్నీ ఉందామనుకున్నా. వచ్చే ఏడు చూడాలి." కాసేపాగి, "ఇంకోటి కూడా ఉందండీ, అది గెలుపో కాదో మీరే చెప్పాలి. శుక్రవారం కాణ్ణించి పిల్ల నాతో మాట్లాడలా. జడ కూడా నాయనమ్మ చేతే వేయించుకుంది. ముసలామెకు పాయలు కుదరవు, ఎగుడుదిగుడు జడేసుకుని బడికి పోయింది పాపం. ఇవాళ పొద్దున దువ్వెన తెచ్చి నా ముందు పడేసి, అటు తిరిగి కూచుంది. మాట లేదు, పలుకు లేదు. కూచుంది, అంతే."

"వేశావా?"

"వెయ్యనా మరి! రెండు జడలేసి రిబ్బన్లు కట్టా. తొందరగా అయిపోతుందేమోనని నిదానంగా వేశానండీ."

ఫాదరుగారు తల ఊపారు. అది గెలుపో కాదో చెప్పలేదు. ఆమె లేచి, ఎండలో చెప్పులు వేసుకుని, పిల్లను కేకేసుకుంటూ వెళ్ళిపోయింది. పిల్ల పలకలేదు గానీ వచ్చింది.

క్లెమెంటు ఇంతసేపూ స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని గొంతులో కోపం ఇంకా చావలేదు. అది చావాల్సిన కోపం కూడా కాదు. కాని ఇప్పుడది ఎవరి మీదో అతనికే తెలియడం లేదు.

"ఆవిడ ఓడిపోయానని చెప్పి వెళ్తోంది ఫాదర్! మీరు విని ఊరుకున్నారు. ముసలామెకు చెప్పలేదు, సరే, అర్థమైంది. ఊళ్ళోవాళ్ళకు చెప్పలేదు, అదీ అర్థమైంది. కన్నకూతురికైనా ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా? చెవిలో చెప్పినా సరిపోయేది. ఆ పిల్ల కళ్ళలో దొంగలాగా ఎందుకు ఉండిపోవాలి?"

ఫాదర్ బాలశౌరిగారు ఈసారి కళ్ళద్దాలు తీయలేదు. సందు చివర, తల్లికి ఒక బారెడు ఎడంగా నడుస్తున్న రెండు జడల పిల్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

"చెప్పి ఉండొచ్చు," అన్నారు. "ఆకలేసినప్పుడు తినొచ్చు కూడా. ఒక్కపొద్దులో ఉన్నవాళ్ళు తినరు."